పాటకు కైకిలి లేదా?

చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. అందులో మేమూ సభలు పెట్టుకున్నాం. డప్పు కొట్టాం, గొంతు చించుకున్నాం, కిరాయి కట్టి రసీదు తీసుకుని బయటికొచ్చాం. గోడమీద పేరున్న త్యాగయ్య మీద మాకు కోపమేం లేదు. ఆయన (1767-1847) తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పాడినవాడు. తంజావూరు రాజు పిలిస్తే పోలేదంటారు. వీధులెంట పాడుకుంటూ గింజలు అడుక్కొని ఇల్లు గడుపుకున్నాడంటారు. దానికి ఉంఛవృత్తి అని పేరు పెట్టారు, తపస్సన్నారు. మంచిదే. మరి కిన్నెర భుజానేసుకుని మాదిగవాడలు తిరిగి, జాంబపురాణం చెప్పి, తన మిరాశీ తాను అడిగిన డక్కలి తాతను ఏమన్నారు? బిచ్చగాడన్నారు. పాట వేరు కావచ్చు. గింజలు మాత్రం ఒకటే గదా!

ఈ మాట ఇప్పుడెందుకంటే, మొన్న అశోక్‌నగర్ గదుల్లో ఉండే పిల్లగాడొకడు మా దగ్గరికొచ్చాడు. గ్రూప్ పరీక్షలకని పట్నం వచ్చినవాడు. సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని జనరల్ స్టడీస్ నోట్సు వెనక పేజీల్లో పాటలు రాస్తాడు. "అన్నా, పరీక్షలు బంద్ పెట్టి పాటే పట్టుకుంట. బతకొచ్చునా?" అన్నాడు. మాలో ఒకాయన "ముందు నౌకరీ చూస్కో బిడ్డా" అన్నాడు. ఇంకొకాయన "పాటను అమ్ముకుంటవా?" అని కసిరాడు. పిల్లగాడు చాయ్ తాగి లేచిపోయాడు. మేం చెప్పిన రెండు జవాబులూ తప్పేనని ఆనక తెలిసింది.

మనవాళ్లలో పాటను నమ్ముకున్నోళ్లు ఎట్లా బతికిండ్రో ఒక్కసారి లెక్క తీయండి. గద్దర్ కెనరా బ్యాంకులో గుమస్తా. 1984లో ఆ నౌకరీ వదిలేశాడు. ఆ తర్వాత ఆయన్ను మోసింది ఉద్యమం, జనం, ఇంట్లో భార్య. గూడ అంజయ్య (1955-2016) ఫార్మసిస్టుగా పనిచేస్తూ రాశాడు. గోరటి వెంకన్నకు సహకార శాఖలో ఉద్యోగం. అందెశ్రీ బడి ముఖం చూడలేదు, తాపీపని చేసి బతికాడు. ఆయన పాట 2024లో రాష్ట్ర గీతమైంది. 2025లో సర్కారు కోటి రూపాయలిచ్చింది. ఆ ఏడే నవంబర్ 10న ఆయన పోయాడు. అంటే ఏమిటి? ప్రతి పాట వెనకా ఒక జీతమో, ఒక కూలో ఉంది. పాట తనంతట తాను కుండలో బియ్యం పోసింది తక్కువ. 'ప్రజా వాగ్గేయకారుడు' అని పత్రికలవాళ్లు పెద్ద అక్షరాల్లో వేస్తారు. వాగ్గేయకారుడు ఏం తిన్నాడని ఒక్కడూ అడగడు.

దర్శనం మొగులయ్య సంగతి చూడండి. డక్కలి బిడ్డ, పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవాడు. సినిమాలో గొంతు వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. సర్కారు కోటి రూపాయలు ప్రకటించింది. 2024 మే నెలలో అదే మొగులయ్య హైదరాబాదు శివార్లలో ఇల్లు కట్టేకాడ కూలిపని చేస్తూ కనిపించాడు. "కోటి ఇస్తే ఏం జేసిండు?" అని మనవాళ్లే ఎకసెక్కాలాడారు. పెళ్లిళ్లున్నయి, రోగాలున్నయి, ఇల్లుంది. కోటి రూపాయలు ఇనాము. దొర సంతోషపడి విసిరినట్టు ఒకసారి వస్తుంది. కైకిలి అంటే చేసిన పనికి ప్రతిసారీ రావాల్సింది. ఇనాముకు దండం పెట్టాలె, కైకిలి అడిగి తీసుకోవాలె. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. డక్కలివాళ్లను మాదిగవాడకు అవతల ఉంచింది బ్రాహ్మడొక్కడే కాదు, మనమూ ఉంచాం. వాళ్ల మిరాశీని మెల్లగా ఎగ్గొట్టిందీ మనమే.

ఇక మార్కెట్టు. రికార్డింగు గది కిరాయికి దొరుకుతున్నది. పాట యూట్యూబులో పెడితే లక్షల మంది వింటున్నరు. తెలంగాణ జానపదం మీద ఛానళ్లు బతుకుతున్నయి. మరి రాసినోడు? చాలామందికి ఒక్కసారి ఇంత అని చేతిలో పెట్టి, కాగితం మీద సంతకం తీసుకుంటున్నరు. ఆ కాగితంలో ఏముందో చదివే తీరికుండదు. 2021లో తమిళ పాట 'ఎంజాయ్ ఎంజామి' దేశమంతా మోగింది. భూమి దున్ని భూమి లేకుండా పోయిన తన అవ్వల కథను అరివు రాశాడు, పాడాడు. సంగీత పత్రికొకటి ఆ పాట గురించి అట్ట మీద బొమ్మలేస్తే అందులో అరివు లేడు. జనం అరిచినంక వేశారు. ఆ పాట మీద తమకు ఒక్క పైసా రాలేదని దాని సంగీత దర్శకుడు 2024లో చెప్పాడు. కోట్ల మంది విన్న పాట సంగతి అది!

అశోక్‌నగర్ పిల్లలకు చట్టం చదివే అలవాటుంది గనుక చెబుతున్నాం. 1957 కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. సినిమా కోసమో రికార్డు కోసమో పాట హక్కులు రాసిచ్చినా, సినిమా హాల్లో బొమ్మ ఆడించడం మినహా మిగతా వాడకం మీద వచ్చే రాయల్టీలో రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నానని సంతకం పెట్టినా ఆ సంతకం చెల్లదు. వసూలు చేసి పంచడానికి ఐపీఆర్ఎస్ అనే సంఘం 1969 నుంచి ఉంది. అందులో మనవాళ్లెందరు చేరిండ్రు? అయితే ఈ చట్టానికీ ఒక గుడ్డితనం ఉంది. దానికి రాసిన ఒక్కడు కనిపించాలి. తాతల నుంచి వచ్చిన కిన్నెర కథకు, నాట్లేసే అమ్మల పాటకు ఆ 'ఒక్కడు' ఎవడు? ఎవడూ లేడు గనక 'జానపదం' అని రాసుకుని ఎవడైనా ఎత్తుకుపోవచ్చు.

సర్కారు జీతమూ చూశాం. తెలంగాణ వచ్చినంక సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులను తీసుకున్నరు. ఆ జీతంతో పిల్లలు చదువుకుంటున్నరు, మేం తప్పుపట్టం. కానీ నిన్నటిదాకా దొరను నిలదీసిన గొంతు పథకాల పేర్లు పాడవలసి వచ్చింది. అన్నం పెట్టినోడి పాటే పాడాలంటే ఆ అన్నానికి రేటు ఎక్కువే.

ఇప్పుడు మా సంగతి. 1906లో భాగ్యరెడ్డివర్మ జగన్మిత్రమండలి పెట్టినప్పుడు ఈ పట్నంలో హరికథలతోనే జనాన్ని పోగేశాడు. అప్పటి నుంచి పాట లేని మన సభ లేదు. టెంటోడికి ఇస్తాం, మైకోడికి ఇస్తాం, హాలుకు ముందే కడతాం. వాళ్లెవరినీ "ఉద్యమం కదా తమ్మీ" అని అడగం. పాటగాడొచ్చి రెండు గంటలు పాడితే ఒక శాలువా, బస్సు కిరాయి. ఆడపిల్ల పాడితే రాత్రి పదకొండు గంటలకు ఏ బస్సెక్కి పోయిందో కూడా కనుక్కోం. మాకు తెలిసిన ఒక తమ్ముడి ఇంట్లో పెట్టె నిండా శాలువాలున్నయి. వాళ్లమ్మ వాటిని బొంతలో కుట్టింది. ఆయన పాటను ఒక పార్టీ ఎన్నికల బండి మీద ఊరూరా తిప్పితే పేరు కూడా చెప్పలేదు. మేం ఖండిస్తూ ప్రకటన ఇచ్చాం. కానీ మా కరపత్రంలో మాత్రం ఆయన పేరేసినమా? పాత కట్టలు తీసి చూశాం. మూడుసార్లు వేయలేదు.

"అమ్ముకుంటవా?" అని కసిరిన పెద్దమనిషికి నెలకు పింఛను వస్తుంది. అందుకే అంత గట్టిగా అనగలిగాడు. పాటను అమ్ముకోవడం వేరు, పాడినందుకు కూలి అడగడం వేరు. వెట్టి వద్దని పాడేవాడి చేత వెట్టి చేయించుకుంటున్నాం మనం.

అందుకని మా సభల వరకు ఒకటి అనుకున్నాం. ఇకమీదట ఖర్చుల లెక్కలో టెంటు కంటే పైన పాటగాళ్ల కైకిలి రాస్తాం. ఎంతిచ్చిందీ ఈ పేజీల్లోనే అచ్చేస్తాం. పాట వేస్తే కింద రాసినవాళ్ల పేరుంటుంది. డక్కలి, చిందు కళాకారులను పిలిస్తే మేళానికంతటికీ కలిపి ఇస్తాం. చందా అడగడానికి వచ్చినప్పుడు పది రూపాయలు ఎక్కువడుగుతాం, తిట్టుకోకండి. అశోక్‌నగర్ పిల్లగాడి గది తలుపు మొన్న తట్టాం, లేడు. లైబ్రరీలో ఉన్నాడన్నారు.