కాపాడిన చేయి

ఈ మాసమున మాకు వచ్చిన లేఖలలో నొకటి మమ్ము రెండు దినములు ఆలోచింపజేసినది. వ్రాసినవారు ఒక గృహిణి. వారి మేనకోడలు కళాశాలలో చదువుచు సెలవులకు అత్తగారింటికి వచ్చినదట. ఒక రాత్రి దీపమార్పక చదువుచున్న పుస్తకమును, పిల్ల నిద్రపోయిన పిమ్మట అత్తగారు తీసి చూచిరట. అది ఒక ఆంగ్ల నవల. అందు నాయకుడొక హంతకుడు. అతడు తన పాపములను కడిగికొనగోరి, శత్రువుల బారినుండి ఒక యువకుని కాపాడుచు, ఆ యువకునే ప్రేమించును. “ఇద్దరును పురుషులే. కథయంతయు చీకటి, నెత్తురు. ఈ పుస్తకమును దాచివేయుదునా, పిల్లను మందలింతునా, చూడనట్లూరకుందునా?” అని ఆ సోదరి అడిగినారు.

దాచవలదనియే మా మొదటి మాట. దాచిన పుస్తకము రెండింతలు చదువబడును. ఈ సంగతి మన బాల్యమును తలచుకొన్న మనకందరకును తెలియును. అయినను ఇంతటితో ఊరకొన్నచో ఆ సోదరి ప్రశ్నకు సమాధానము చెప్పినట్లు కాదు. ఇట్టి కథ నేటిది కాదు, మొన్నటిది కాదు. దాదాపు రెండువందల యేండ్ల క్రిందట ఫ్రాన్సు దేశపు మహారచయిత యొకడు దీనిని వ్రాసినాడు. ఆ కథ యెఱిగినచో నేటి నవలను తూచుటకు మనచేత నొక త్రాసు ఉండును. కావున ఈ మాసము దానినే చెప్పుచున్నాము.

ఆ రచయిత ఒనొరే ద బాల్జాక్. 1799లో టూరు పట్టణమున బుట్టి 1850లో పారిసునందు గతించెను. తన కాలపు సంఘమునంతయు వరుస నవలలలో చిత్రింపబూని, రమారమి తొంబది రచనలు వెలువరించెను. ఒక కథలోని పాత్రలు మఱియొక కథలో మరల గానవచ్చుట వాని పద్ధతి. అట్లు మరల మరల వచ్చువాడే వోత్రాను. అసలు పేరు జాకు కొలాను. దొంగలు పెట్టిన బిరుదు ‘మృత్యువును మోసగించువాడు’.

వీనిని మన మొదట ‘గోరియో తండ్రి’ అను నవలలో, పారిసులోని ఒక పూటకూళ్ల యింట చూతుము. నవ్వుచు నవ్వించుచు, అందరకును సాయపడుచుండు పెద్దమనిషి. నిజమునకు కారాగారమునుండి పారిపోయివచ్చిన ఖైదీ. వాని భుజముపై ఎఱ్ఱగాల్చిన యినుముతో వేసిన అక్షరములున్నవి. ఆ కాలమున ఫ్రాన్సులో కఠినశిక్ష పొందినవారికి అట్లు వాతపెట్టుచుండిరి. ఇంతకును వాడు శిక్షపొందిన దెవరి నేరమునకు? ఒక యందగాడైన యిటలీ యువకుడు దొంగసంతకము చేసెను. వానిపై మిక్కుటమగు మక్కువచేత ఆ నేరమును కొలాను తనపై వేసికొనెను. వానికి స్త్రీలపై మనసు లేదని పోలీసు అధికారి నోట బాల్జాకు ఒక్క ముక్కలో చెప్పించెను. ఆనాటి రచయిత అంతకన్న విప్పి చెప్పలేడు. అయినను చదువరులకు అర్థము కాకపోదు.

ఇక రెండవవాడు లూసియను. అంగూలేము పట్టణమున మందులు కూర్చి అమ్మువాని కొడుకు. రూపవంతుడు, కవిత్వము వ్రాయువాడు, వెన్నెముక లేనివాడు. తల్లియు చెల్లెలును తమ నోరు కట్టుకొని వానిని పారిసునకు పంపిరి. అక్కడ వాడు పత్రికలలో చేరి నేడొక పక్షమును, రేపొక పక్షమును పొగడి ఉభయభ్రష్టుడై, తుదకు తన చెల్లెలి భర్తయు ప్రాణమిత్రుడునగు దావీదు పేర దొంగ హుండీలు వ్రాసెను. వానివలన దావీదు చెరసాల పాలయ్యెను. ఇదియంతయు ‘భగ్న భ్రమలు’ అను నవలలోని కథ. సిగ్గుచేత తల యెత్తలేక లూసియను నదిలో బడి చావబోవుచుండగా, దారిలో నొక స్పెయినుదేశపు మతగురువు ఎదురుపడి ఆపెను. ఆ మతగురువు వేషములో నున్నవాడు జాకు కొలానే. అసలు గురువును చంపి వాని పేరును కాగితములును కాజేసినాడు; భుజముపై అక్షరములు పోవుటకై తన వీపును తానే గాయపఱచుకొన్నాడు.

వాడు లూసియనునకు ధనమిచ్చెను.  అందులకు వాడు కోరినది ఒక్కటే: నీ వికమీదట నా మాట జవదాటరాదు. నీవు రథమెక్కి తిరుగుము, ప్రభువుల యిండ్లలో విందులారగింపుము, ఉన్నత వంశజురాలిని వివాహమాడుము. నేను తెరవెనుక నుండి నీ కండ్లతో ఆ సుఖమంతయు చూతును. ఇదియే వాని యొడంబడిక సారాంశము. చచ్చుటకు బోవువానికి ఇంతకన్న మంచి బేరము దొరకునా? లూసియను ఒప్పుకొనెను.

సోదరీమణులారా, ఇచ్చట నొక్క నిమిషము ఆగుదము. ప్రాణము కాపాడిన చేయి అది. సందేహము లేదు. కాని కాపాడిన మఱుక్షణముననే ఆ చేయి వాని మెడపై బడినది. నేటి చీకటి కథలలో గూడ సరిగా నీ చోటనే చదువరి మనసు కరగును. ఇంత క్రూరుడు ఇతని యెడల మాత్రము ఎంత మృదువో అని కన్నులు చెమర్చును. ఆ మృదుత్వము నిజమే. దానికెంత వెల చెల్లింపబడినదో, ఎవరు చెల్లించిరో చూచుటయే మన పని.

చెల్లించినది ఎస్తేరు. ‘వేశ్యల వైభవ దైన్యములు’ అను తరువాతి నవలలో ఈమె కథ వచ్చును. వేశ్యావృత్తిలో బుట్టిపెరిగి, లూసియనును ప్రేమించి, ఆ బ్రతుకును విడిచిన పిల్ల. కొలాను ఆమెను పారిసులో నొక యింట కొన్నియేండ్లు దాచియుంచెను. రాత్రివేళ దప్ప బయటి గాలి పీల్చుటకు వీలులేదు. ఒక రాత్రి న్యూసింజను అను ముసలి బ్యాంకరు ఆమెను చూచి మోహించెను. అప్పుడు లూసియను ఒక ప్రభువు కూతును పెండ్లాడుటకు పదిలక్షల ఫ్రాంకుల భూమి కావలసియుండెను. కొలాను లెక్క కట్టెను. ఎస్తేరును ఆ ముసలివానికి అమ్మజూపెను. లూసియను మేలుకొఱకని ఆమె తలయొగ్గి, ఒక్క రాత్రి గడచిన పిమ్మట విషము త్రాగి మరణించెను. ఒక బంధువు ఆస్తి డెబ్బది లక్షల ఫ్రాంకులు తనకు రానున్నదని ఆ యభాగిని ఎఱుగదు.

ఆమె మరణముపై విచారణ సాగెను. 1830 మే నెలలో లూసియనును కొలానును పట్టుబడి కాన్సియెర్జెరీ చెరలో వేఱువేఱు గదులలో బడిరి. విచారణలో కొలాను, పిల్లవానిని తప్పింపనెంచి, వాడు తన కుమారుడని చెప్పెను. న్యాయాధికారి ఆ మాట లూసియనునకు చెప్పగనే, ఆ ఖైదీ నాకు తండ్రియా యని అసహ్యముతో లూసియను గుట్టంతయు బయటపెట్టెను. పిమ్మట తాను చేసిన ద్రోహము తెలిసి, తన వాఙ్మూలము చెల్లదని పత్రము వ్రాసియిచ్చి, విడుదల కానున్న తరుణమున మెడపట్టీతో ఉరివేసికొనెను. ఎన్ని చెరలు, ఎన్ని గొలుసులు కదల్చలేని ఆ ఉక్కుమనిషి ఈ వార్తతో నీరైపోయెను. కన్నతల్లి బిడ్డను పోగొట్టుకొన్నట్లు శవముచెంత కుమిలెను. ఆ దుఃఖములో వంచన లేదు.

తరువాత జరిగినది మఱింత విచిత్రము. గొప్పయింటి స్త్రీలు లూసియనునకు వ్రాసిన ప్రేమలేఖలు కొలాను వశమున గలవు. వానిని ప్రభుత్వమున కప్పగించి, మరణశిక్ష పడిన తన పూర్వపు చెరసాల చెలికాని యొకని ప్రాణము నిలిపి, తాను పోలీసు కొలువులో చేరెను. పిదప రహస్య పోలీసు శాఖకే అధిపతియై పదునైదేండ్లు పనిచేసి విశ్రమించెను. ఇది కట్టుకథయని త్రోసిపుచ్చరాదు. 1775లో ఆరాసు పట్టణమున బుట్టిన విడోకు అనువాడు నిజముగనే చెరలనుండి పలుమారులు పారిపోయిన నేరస్థుడు, పిమ్మట పారిసు రహస్య పోలీసునకు నాయకుడు. బాల్జాకు వానిని ఎఱుగును. వోత్రానునకు మూలములలో వాడొకడు.

మఱి యిది పశ్చాత్తాపమా? మాకట్లు తోపదు. వాడు చొక్కా మార్చినాడు, అంతియే. పశ్చాత్తాపమనగా తనవలన చెడినవారి ముఖము చూచుట. ఎస్తేరునకై వాడు కార్చిన కన్నీరు మాకు కథయందు కానరాలేదు. ప్రియమైన వానికొఱకు ప్రాణమిచ్చుట సులభము. ప్రియము కానివారి ప్రాణమునకు విలువ కట్టుట కష్టము. పాపి మంచివాడైన కథ చదువునప్పుడెల్ల మనమడుగవలసిన ప్రశ్న యిదియే: వీడు ఎవరి యెడల మారినాడు? ఒక్కని యెడలనా, అందరి యెడలనా?

ఇక ఆ సోదరి మనసును మిక్కిలి కలచిన విషయము: ఇద్దరును పురుషులగుట. మా యభిప్రాయము దాచుకొనము. ఈ కథలోని చెడుగు, పురుషుడు పురుషుని ప్రేమించుటలో లేదు. ఒకడు మఱియొకని బ్రతుకును తన చేతిబొమ్మ చేసికొనుటలో నున్నది. లూసియనునకు బదులు అచ్చట నొక కన్యయుండినను ఆ యొడంబడిక అంత విషమే.

అట్టి ప్రేమకు చీకటి అంటుకొనుటకు వేఱు కారణము గలదు. ఫ్రాన్సు 1791 శిక్షాస్మృతిలో దానిని నేరముగా పేర్కొనలేదు. అయినను సంఘము నోరు మూయించెను. ఇంగ్లండులో చట్టమే మూయించెను. ఆస్కారు వైల్డు 1889లో ప్రకటించిన ఒక సంభాషణములో, లూసియను మరణము తన జీవితములోని మహాదుఃఖములలో నొకటియని ఒక పాత్రచేత చెప్పించెను. ఆఱేండ్లు గడచిన పిమ్మట, 1895లో, అట్టి ప్రేమకే ఆయనకు రెండేండ్ల కఠినశిక్ష పడెను. ఆంగ్లేయులు మన దేశమునకు 1860లో వ్రాసి 1862లో అమలుపెట్టిన శిక్షాస్మృతి 377వ సెక్షనులో ఆ కట్టడినే ఉంచిరి. 2018 సెప్టెంబరు 6వ తేదీన మన సుప్రీంకోర్టు, వయసువచ్చినవారు ఇష్టపూర్వకముగా ఏకాంతమున మెలగుట నేరముకాదని తీర్పు చెప్పెను. నూటయేబదియేండ్లకు పైబడి ఒక ప్రేమను చెరసాల గోడప్రక్కన నిలిపినచో, దాని కథలలో చెరసాలయు దొంగయు ఉండుట వింతయా? వెలుతురులో నిలుచుటకు చోటీయక, నీవేల చీకటిలో నున్నావని అడుగుట న్యాయము గాదు.

ఇంకొక మాట. ఈ కథ చదివి, దొంగను జూచి భయపడుట తేలిక. మన యింటి అద్దములో చూచుకొనుట కష్టము. “నిన్ను పెంచి పెద్దచేసితిమి, నీ చదువునకు నగలు తాకట్టు పెట్టితిమి, కావున మేము చెప్పిన చదువే చదువుము, మేము చూపిన సంబంధమే చేసికొనుము” అను మాట మన యిండ్లలో వినబడని దెన్నడు? కొడుకు కండ్లతో లోకమును చూడగోరు తండ్రియు, కూతురి కాపురములో తన తీరని కోరికలు తీర్చుకొనగోరు తల్లియు మన మెఱుగనివారు కారు. మనము హత్యలు చేయము, నిజమే. కాని కాపాడితిమన్న హక్కుతో కట్టివేయుట మనకును తెలియును. మఱ్ఱి నీడన మొక్క బ్రతుకవచ్చును గాని ఎదుగదు. నీడ యిచ్చునది ప్రేమయే. కొమ్మను కొంత తొలగించి ఎండ తగులనిచ్చుటయు ప్రేమయే.

కావున లేఖ వ్రాసిన సోదరికి మా సలహా యిది. పుస్తకమును తీసినచోటనే పెట్టుడు. రేపు మధ్యాహ్నము పనులు ముగిసిన పిమ్మట మేనకోడలి చెంత కూర్చుండి, “కథ ఎంతవరకు వచ్చినదమ్మా? నాకును చెప్పవా?” అని అడుగుడు. మందలించు గొంతుతో గాక, వినగోరు గొంతుతో అడుగుడు. పిమ్మట మూడు ప్రశ్నలు వేయుడు. ఆ కాపాడబడినవాడు వద్దనిన, కాపాడినవాడు వదలిపెట్టునా? వారి సుఖమునకు మూడవవా రెవరైన మూల్యము చెల్లించిరా? ఆ నాయకుని మంచితనము ప్రియుని గుమ్మము దాటి బయటకు వచ్చినదా? ఈ మూడింటికి పిల్ల తానే జవాబులు వెదకినచో, రేపు తన బ్రతుకులోనికి ‘నిన్ను కాపాడుదు’నని వచ్చు ఎవ్వనినైనను అదే త్రాసున తూచుకొనును. అంతకు మించిన రక్షణ ఏ పెద్దలును ఇయ్యలేరు.

ఒకవేళ ఆ సంభాషణలో, ఆ పిల్ల తన్ను గూర్చియో తన స్నేహితులలో నొకరిని గూర్చియో ఏదైన మెల్లగా చెప్పబోయినచో, దయచేసి మాటకడ్డము రావలదు, చెవులు మూసికొనవలదు. లూసియను నది యొడ్డునకు పోవునాడు వాని యింటనే తల్లియు చెల్లెలును ఉండిరి. వాని సిగ్గును విప్పిచెప్పుకొనుటకు మాత్రము ఆ యింట చోటు లేకపోయెను. అందుచేతనే దారినిబోవు దొంగ వానికి దిక్కైనాడు. మన పిల్లలకు అట్టి దిక్కు పట్టకుండుటకు తలుపులు మూయుట సాధనము కాదు. మన యింటిలోననే ఒక చెవి తెఱచియుంచుట సాధనము.

ఆ మధ్యాహ్నము ఎట్లు గడచినదో ఆ సోదరి మరల వ్రాసినచో సంతసింతుము.