విషమనగా నీరు

సంస్కృత నిఘంటువులు నీటిని జీవనమనియు, అమృతమనియు పేర్కొన్నవి. విషశబ్దమునకును నీరను అర్థము చెప్పినవి. శ్లేషకవులకు ఇది గొప్ప సౌకర్యమైనది. అమెరికాలో ఒహాయో నదీతీరమున, పశ్చిమ వర్జీనియా రాష్ట్రమునకు చెందిన పార్కర్స్‌బర్గ్ పరిసరవాసులకు మాత్రము ఆ శ్లేష కుళాయి నీటిలోనే అనుభవమునకు వచ్చినది.

ఆ పట్టణ సమీపమున డ్యుపాంట్ సంస్థవారు టెఫ్లాన్ తయారీకై 1951 నుండి సి-8 అను పదార్థమును వాడసాగిరి. దోసె అంటుకొనని పెనమునకు వేయు పూత ఆ టెఫ్లానే. పి.ఎఫ్.ఎ.ఎస్. అను వేలకొలది రసాయనముల కుటుంబములోనిది ఈ సి-8. అందు కర్బనమునకును ఫ్లోరిన్‌కును గల బంధము ఎంత దృఢమనగా, ఎండయు వానయు సూక్ష్మజీవులును దానిని విడదీయజాలవు. నెత్తుట చేరినచో సంవత్సరముల తరబడి నిలుచును. గుడ్డతో వడగట్టుట, చిల్లగింజ అరగదీసి కలుపుట, కాచి చల్లార్చుట అను మన ఇంటి ఉపాయములేవియు దీనియెడ పనికిరావు. పైగా కాచిన కొలది నీరు ఆవిరియగును, విషము మిగులును.

సి-8 వలన ఎలుకల కాలేయము పెరుగుచున్నదని సంస్థలోని పరిశోధకులు 1961 నాటికే గమనించిరి. 1984లో సంస్థవారు ఇరుగుపొరుగు ఊళ్ల కుళాయి నీటిని సడిచేయక తెప్పించి పరీక్షింపగా అందు సి-8 కనబడినది. 1991లో త్రాగునీటికి శతకోటి పాళ్లకు ఒక పాలు దాటరాదని తమలో తాము హద్దు గీసికొనిరి. త్రాగువారితో ఒక్క మాటయు చెప్పలేదు. కడకు, పశువులను పోగొట్టుకొన్న ఒక రైతు పక్షమున న్యాయవాది రాబర్ట్ బిలాట్ 1999లో దావా వేసిన పిమ్మటగాని ఆ కాగితములు వెలుగు చూడలేదు.

ఇచ్చట హద్దుల చరిత్ర చూడదగినది. 2002లో రాష్ట్ర ప్రభుత్వపు సంఘమొకటి, సంస్థవారి శాస్త్రజ్ఞులకును అందు చోటిచ్చి, శతకోటి పాళ్లకు నూటయేబది వరకు భయము లేదని తేల్చినది. కర్మాగారమువారు తమకై గీసికొన్న గీత కంటె ప్రజలకై ప్రభుత్వము గీసిన గీత నూటయేబది రెట్లు ఉదారము! 2024లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ నిర్ణయించిన హద్దు లక్షకోట్ల పాళ్లకు నాలుగు. అనగా 2002 నాటి హద్దులో ముప్పదియేడువేల అయిదువందలవ వంతు. ఈ ఇరువదిరెండేండ్లలో మానవుని మూత్రపిండములేమియు మారలేదు. క్షేమమను మాటకు అర్థము చెప్పు అధికారము మాత్రము చేతులు మారినది.

ఒడంబడికలో భాగముగా 2005, 2006 సంవత్సరములలో సుమారు అరువదితొమ్మిదివేలమంది తమ రక్తమిచ్చిరి. మనిషికి నాలుగువందల డాలర్లు ముట్టినవి. ఈ ధనాశను చులకన చేయరాదు. ఆ జనసంఖ్య లేనిచో శాస్త్రము నోరు విప్పియుండెడిది కాదు. ముగ్గురు నిపుణులు 2011, 2012లలో ఆరు వ్యాధులతో సి-8కు సంబంధము సంభావ్యమని తేల్చిరి. మూత్రపిండముల క్యాన్సరు అందొకటి. 2017లో సుమారు మూడున్నరవేల దావాల పరిష్కారమునకు అరువదియేడు కోట్ల డాలర్లు చెల్లింపబడినవి, తప్పు అంగీకరింపకయే.

తెలుగువారికి ఫ్లోరిన్ పేరు కొత్త కాదు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వ్యాధి 1937లోనే గుర్తింపబడినది. నల్గొండ గోడు లోకమెరిగినదే. అది రాతిలో పుట్టిన ఫ్లోరైడు, ఇది కర్మాగారమున పుట్టిన వేఱొక పదార్థము. అయినను పోలిక ఉపయోగించును. ఫ్లోరైడుకు పండ్ల మీది మచ్చలు, వంగిన ఎముకలు సాక్ష్యము పలుకును; ఎవరును దాచలేరు. సి-8 యెడ ఖరీదైన యంత్రము పలుకవలె. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రామును మించరాదందురు. సి-8కు అమెరికా హద్దు అందులో రెండున్నర లక్షలవ వంతు. అంత సూక్ష్మమును వెదకుమని ఆజ్ఞ లేనిదే ఏ ప్రయోగశాల వెదకును? 2012 నాటి భారత త్రాగునీటి ప్రమాణముల పట్టికలో ఫ్లోరైడున్నది. ఈ కుటుంబమునకు చోటు లేదు. ఆ చోటు కల్పింపవలెను. ఇట్టి పదార్థములను వాడు ప్రతి కర్మాగారమును తాను నదికి ఏమి వదలుచున్నదో, తన పరీక్షలలో ఏమి తేలినదో, దిగువనున్న ఊళ్లకు ముందుగనే తెలుపునట్లు శాసనము చేయవలెను.