బరువు చూసి ఇంజను ఎంచుకోవాలి

సరకు బండి కొనాలంటే డీజిలే అన్న మాట హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో బలంగా నాటుకుపోయింది. దానికి కారణం లేకపోలేదు. కృష్ణగిరి నుంచి హోసూరుకు జాతీయ రహదారి మీద సుమారు 50 కిలోమీటర్లు. హోసూరు ఎత్తున ఉంది. మామిడి, టమాటా నిండుగా వేసుకుని ఎక్కే బండికి తక్కువ వేగంలోనే ఎక్కువ లాగే బలం కావాలి. గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడితోనే ఇంధనాన్ని మండించే డీజిల్ ఇంజనుకు ఆ బలం ఉంది, మైలేజీ కూడా ఎక్కువ. 2011లో వచ్చిన, హోసూరులో తయారైన అశోక్ లేలాండ్ దోస్త్ కూడా డీజిల్ బండిగానే మొదలైంది.

అయితే లెక్క మారింది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ పోయింది, పెట్రోలు కన్నా అది మునుపటంత చవక కాదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. వాటి కోసం చాలా డీజిల్ బండ్లలో పెట్టిన, మసిని పట్టే ఫిల్టరు బాగా వేడెక్కితేనే శుభ్రపడుతుంది. ఊళ్లో ఆగుతూ సాగే బండిలో అంత వేడి పుట్టక అది పూడుకుపోతుంది. పెట్రోలు బండి ఇంధనం ఎక్కువ తాగుతుంది కదా అంటారు. నిజమే. కానీ రోజూ కొద్ది దూరమే తిరిగే బండికి డీజిల్‌పై మిగిలేది, కొనేటప్పుడు అదనంగా పెట్టిన సొమ్మును తీర్చడానికి ఏళ్లు పడుతుంది. తిరిగి అమ్మితే డీజిల్‌కే గిరాకీ అన్న వాదన కూడా ఉంది. ఆ లాభాన్ని రిపేర్లు తినేస్తే మిగిలేదేమిటి? రోజూ బరువుతో బెంగళూరు వెళ్లేవారికి డీజిలే మేలు, పట్టణంలో తిరిగేవారికి పెట్రోలు చాలు. షోరూముకు వెళ్లేముందు నెల రోజుల బరువు, దూరం రాసి చూసుకోండి.