పిలుపుకి ఈడు మించిపోతుందా?

పోయిన క్రిస్మస్‌కి ముందు ఒక ఆదివారం, మా వీధిలోనే వుండే ఒక స్నేహితురాలు నా దగ్గరికి ఒక ఉత్తరం పట్టుకొచ్చింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, అందుకని అక్కా అనే పిలుస్తాను. పేరు ఇక్కడ రాయడం లేదు. ఎల్.బి.నగర్ దగ్గర ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళకి పైగా నర్సుగా పనిచేస్తోంది. ఆ ఉత్తరం ఒక కన్యాస్త్రీల సభ నుంచి వచ్చిన జవాబు. మీ కోరిక మాకు సంతోషం కలిగించింది, మీ కోసం ప్రార్థిస్తాము, అయితే మా నియమావళి ప్రకారం 35 ఏళ్ళు దాటినవారిని చేర్చుకోవడం లేదు, మీ విచారణలోనే సేవ కొనసాగించండి. అంతే. ఇలాంటి జవాబు ఇది మూడోదట. "నువ్వు చట్టాలూ అవీ చదువుతావు గదా, ఏమన్నా దారి వుందేమో చూసి చెప్పు" అంది.

నాకు మొదట నోట్లోంచి వచ్చిన మాట "పోనీలే అక్కా, మంచిదే అయింది" అని. ఆమె నా మొహం వంక కాసేపు చూసి, "మీ సంఘంలో ఆడది ఏం కోరుకుంటే అది ఆమె హక్కంటారు గదమ్మా. నేను కోరుకుంటే మాత్రం కాకపోవడమే మంచిదయిందా?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఈ వ్యాసం ఆ అప్పు తీర్చుకోవడానికి రాస్తున్నది.

మనలో చాలామందిమి మతసంస్థల్ని పితృస్వామ్యపు కోటలుగానే చూస్తాం. ఆ చూపు తప్పని నేను అనను. కానీ అక్క జీవితం ఒకసారి చూడండి. గుంటూరు జిల్లా పల్లెలో దళిత కేథలిక్ కుటుంబం. (క్రైస్తవులు కాబట్టి సర్టిఫికెట్లో ఎస్.సి. కాదు, బి.సి.-సి.) నర్సింగు చదివి విజయవాడ బస్సులో వచ్చి తెల్లారుజామున ఎల్.బి.నగర్ చౌరస్తాలో దిగింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఒక గదిలో నలుగురితో వుంటూ నైట్ డ్యూటీలు చేసింది. ఇద్దరు తమ్ముళ్ళ చదువు, చెల్లెలి పెళ్ళి, నాన్న డయాలసిస్, తర్వాత అమ్మ మంచాన పడటం. పద్ధెనిమిదేళ్ళప్పుడే కాన్వెంటుకి వెళ్తానందట. "పెద్దదానివి, నువ్వు పోతే ఇల్లెట్లా" అన్నారు. ఆగింది. అమ్మ పోయిన ఏడాదికి ఇంక అడ్డు లేదనుకుని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. ఇప్పుడు తమ్ముళ్ళు, "ఈ వయసులో నీకిదేం పిచ్చి, కొత్తపేట ఫ్లాటు ఏం చేస్తావు?" అంటున్నారు. ఇరవై ఐదేళ్ళు కుటుంబం కోసం బతికినప్పుడు ఎవరూ అది పిచ్చి అనలేదు.

పెళ్ళి సంబంధాల వాళ్ళూ ఇదే అంటారు, ఈడు మించిపోయిందని. పెళ్ళికి చిన్నపిల్ల కావాలనడం వెనక ఏముందో మనకి బాగా తెలుసు. మెత్తగా మలుచుకోవచ్చు, ఎక్కువకాలం చాకిరీ చేస్తుంది, ఎదురు చెప్పదు. కాన్వెంటుకి కూడా చిన్నపిల్ల కావాలనడం వెనక అదే లెక్క కొంతైనా లేదా? ఇంటరు పాసయి, ఇంట్లో జరుగుబాటు లేక, చదివిస్తారన్న ఆశతో వచ్చే పల్లెటూరి పిల్లకి తలుపు తీసే వుంది. బతుకంటే ఏమిటో, ఏం వదులుకుంటోందో తెలిసిన 47 ఏళ్ళ స్త్రీకి మూతపడింది. స్వేచ్ఛగా ఎంచుకోవడం అనే మాటకి అర్థం వుంటే, ఇద్దరిలో ఎవరు స్వేచ్ఛగా ఎంచుకుంటున్నట్టు?

ఇంకొక తమాషా. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒంటరి మహిళలకి పెన్షన్ మొదలుపెట్టినప్పుడు, పట్నంలో పెళ్ళికాని స్త్రీకి 35 ఏళ్ళు నిండితే ఒంటరి స్త్రీ అని నిర్ణయించింది. కాన్వెంటు తలుపు మూసుకునేదీ సుమారుగా ఆ వయసులోనే. అంటే ఇక ఎవరింటికీ చెందదని ప్రభుత్వం రాసిపెట్టే ఏడే మఠం కూడా ఆమెని వద్దంటుంది.

అక్క అడిగింది కాబట్టి చట్టం చూశాను. ఇప్పుడు అమలులో వున్న 1983 నాటి శ్రీసభ చట్టం నొవిషియేట్‌లో చేరడానికి 17 ఏళ్ళు నిండాలంటుంది. పై వయసు ఎక్కడా లేదు. 30 అనీ 35 అనీ పెట్టుకున్నవి ఆయా సభల సొంత నియమాలు. మనుషులు పెట్టుకున్నవి, కావాలంటే మనుషులే మార్చగలిగినవి.

మార్చిన సందర్భం మన గుంటూరులోనే వుంది. డాక్టర్ మేరీ గ్లౌరీ ఆస్ట్రేలియాలో 1887లో పుట్టింది. మెల్‌బోర్న్‌లో పేరున్న డాక్టరు, కేథలిక్ స్త్రీల సంఘానికి మొదటి అధ్యక్షురాలు. 1920లో, 32 ఏళ్ళ వయసులో, ప్రాక్టీసు వదిలి గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో చేరింది. ఆ రోజుల్లో మఠంలో చేరిన స్త్రీ వైద్యం చేయకూడదు. ఆమెకి పోపు దగ్గర్నుంచి ప్రత్యేక అనుమతి వచ్చింది. గోషాలో వున్న స్త్రీలు మగ డాక్టరు ముందుకి రాలేక చచ్చిపోతుంటే ఆడ డాక్టరు అవసరమైంది, నియమం వంగింది. అందరికీ ఆ నిషేధం సడలింది 1936లో. ఇవాళ సికిందరాబాదులో కేంద్ర కార్యాలయం వున్న కేథలిక్ ఆస్పత్రుల సంఘం 1943లో ఆమె పెట్టిందే. 2013లో శ్రీసభ ఆమెని దైవసేవకురాలిగా ప్రకటించింది. నేను ఆమెని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. మనసుంటే దారి వుంటుందని శ్రీసభ తానే చూపించిందని చెప్తున్నాను.

వెనక్కి వెళ్తే ఇలాంటివాళ్ళు ఇంకా వున్నారు. పౌలు తిమోతికి రాసిన మొదటి లేఖలో విధవరాండ్ర జాబితాలో చేర్చుకోవాలంటే 60 ఏళ్ళకి తక్కువ వుండకూడదు అన్నాడు. అప్పుడు కింది పరిమితి, ఇప్పుడు పై పరిమితి! ఫ్రాన్సులో జేన్ ద షంతాల్ భర్త పోయి, పిల్లల తల్లిగా, 38వ ఏట 1610లో విజిటేషన్ సభ స్థాపించింది. ముసలివాళ్ళూ, ఆరోగ్యం అంతంతమాత్రమైన వాళ్ళూ చేరడానికి వీలుగా వుండాలన్నదే ఆ సభ ఉద్దేశం. కేరళలో 1866లో తొలి దేశీయ సన్యాసినుల సభ కూనమ్మావులో మొదలుపెట్టిన మదర్ ఎలీశ్వా కూడా కూతురున్న వితంతువే. మదర్ థెరిసా లొరెటో మఠం వదిలి కలకత్తా వీధుల్లోకి వచ్చేసరికి 38 ఏళ్ళు.

కన్యాస్త్రీల వైపు మాట కూడా చెప్పాలి. నాకు తెలిసిన ఒక సీనియర్ సిస్టరుగారు నన్ను గట్టిగానే మందలించారు. "మా దగ్గర మంచాన పడ్డ ముసలి సిస్టర్లని చూసుకోవడానికే చేతులు చాలడం లేదు. నలభై ఏడేళ్ళకి వచ్చిన మనిషి నిత్య మాటపట్టు ఇచ్చేసరికి యాభై ఐదు దాటుతుంది. ఆమెని ఎవరు చూస్తారు? పైగా తన ఇల్లు తను నడుపుకున్న మనిషి, ఇరవై రెండేళ్ళ పిల్లల మధ్య కూర్చుని టీ తాగడానికి కూడా అనుమతి అడగగలదా?" అన్నారు. మొదటి ప్రశ్న న్యాయమైనదే. రెండోది విన్నప్పుడు నాకనిపించింది, టీకి అనుమతి అడగలేకపోవడం ఆ మనిషి లోపమా, ఆ పద్ధతి లోపమా అని. సిస్టరుగారికి అదే చెప్పాను. ఆమె నవ్వి, మాలోనూ అలా అనుకునేవాళ్ళు వున్నారు అన్నారు.

అయితే ఇక్కడ మనం కళ్ళు మూసుకుని చప్పట్లు కొట్టనక్కర్లేదు. దళిత బిషపుల కోసం ఏళ్ళ తరబడి అడిగిన తర్వాత 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటివారు. ఆ రోజు అక్క మా వీధంతా మిఠాయి పంచింది. కానీ కార్డినల్ని చేసే చోటా, కార్డినల్ అయ్యే చోటా స్త్రీ లేదు. 2018 సెప్టెంబరులో కొచ్చిలో ఐదుగురు కన్యాస్త్రీలు, బిషపు మీద అత్యాచారం ఫిర్యాదు చేసిన తమ సహోదరి పక్షాన రోడ్డు మీద కూర్చున్నారు. 2022 జనవరిలో కొట్టాయం కోర్టు ఆ బిషపుని నిర్దోషి అని వదిలేసింది. విధేయత మాటపట్టు ఇచ్చిన స్త్రీ ఫిర్యాదు చేయాలంటే ఎవరి అనుమతి అడగాలి? ఈ సంగతులన్నీ అక్కకి తెలుసు. "ఆస్పత్రిలో లేవా ఇవి? ఇంట్లో లేవా? తెలిసే వెళ్తా" అంటుంది.

తెలిసి వెళ్ళడం అంటే ఏమేం తెలియాలి? నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది డబ్బు సంగతి. పాత 1917 చట్టంలో మఠంలో చేరే స్త్రీలు కట్నం తేవాలన్న నియమం వుండేది, అక్షరాలా ఆ మాటే. 1983లో అది పోయింది. ఇప్పుడున్న 668వ నిబంధన ప్రకారం మొదటి మాటపట్టుకి ముందు తన ఆస్తి నిర్వహణ తనకి నచ్చినవారికి అప్పగించాలి. ఆస్తి హక్కు మాత్రం సాధారణంగా ఆమెదే. నిత్య మాటపట్టుకి ముందు, దేశ చట్టం ప్రకారం చెల్లే వీలునామా రాయాలి. అంటే కొత్తపేట ఫ్లాటు చేరిన రోజే ఎవరికో రాసిచ్చెయ్యమని ఎవరూ అడగడానికి లేదు, తమ్ముళ్ళయినా సరే, సభ అయినా సరే. కానీ చేరిన తర్వాత చేసే పనికి వచ్చే జీతం, పెన్షన్, బీమా సభవే అవుతాయి. పెన్షన్ విషయంలో ఆ సభ సొంత నియమం వేరుగా వుంటే తప్ప. అసలు మింగుడుపడనిది 702వ నిబంధన. సభ వదిలి వచ్చేసినా, పంపించేసినా, అక్కడ చేసిన పనికి ఏమీ అడగడానికి వీల్లేదు. సభ న్యాయంగా, సువార్త ప్రేమతో చూడాలని మాత్రం రాశారు. ప్రేమతో చూడటం అంటే ఎన్ని రూపాయలో రాయలేదు.

ఈ డబ్బు ఎవరిదన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎయిడెడ్ స్కూళ్ళలో పనిచేసే కన్యాస్త్రీల, గురువుల జీతం నుంచి పన్ను కోయకూడదని, మాటపట్టుతో వాళ్ళు లోకానికి చనిపోయినట్టేనని, జీతం వాళ్ళది కాదని వాదించారు. 2024 నవంబరులో కోర్టు ఆ అప్పీళ్ళు కొట్టేసింది. జీతం ఆమె పేరున వస్తే అది ఆమె ఆదాయమే, తర్వాత ఎవరికిచ్చుకున్నా సరే. పన్ను కట్టేటప్పుడు ఆమె బతికే వుందని తేలింది. సభ వదిలి బయటికి వచ్చినప్పుడు కూడా బతికే వుందని ఒప్పుకోవాలని అడగడం మన పని కాదా?

అక్కకి నేను చెప్పినవి చిన్న విషయాలు. పదేళ్ళ సర్వీసు దాటింది కాబట్టి ఉద్యోగం మానేసినా పెన్షన్ హక్కు పోదు, స్కీమ్ సర్టిఫికెట్ తీసుకో, 58వ ఏట నెలనెలా వస్తుంది. పి.ఎఫ్. డబ్బు తొందరపడి మొత్తం తీసి ఎవరికీ ఇవ్వకు. నామినేషన్‌లో ఇంకా చనిపోయిన అమ్మ పేరే వుంది, మార్చు. నర్సింగు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఆపకు, రేపు తిరిగి రావలసివస్తే అదే అన్నం పెడుతుంది. ఆరోగ్య బీమా ఎవరు కడతారో కాగితం మీద రాయించుకో. ఆమె ఇవన్నీ ఆస్పత్రి డైరీలో రాసుకుంది. "దేవుడి దగ్గరికి పోతానంటే లాయరు లాగా మాట్లాడతావేందమ్మా" అని నవ్వింది కూడా.

పెళ్ళయి విడిపోయిన స్త్రీల సంగతి ఇంకా చిక్కు. వివాహబంధం నిలిచివున్నంత కాలం నొవిషియేట్‌లో చేరడం చెల్లదు. మా ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో విడాకులు తెచ్చుకున్నా శ్రీసభ దృష్టిలో ఆమె భార్యే. శ్రీసభ న్యాయస్థానం ఆ పెళ్ళి మొదటినుంచీ చెల్లదని తీర్పు చెప్తే తప్ప. ఆ తీర్పు ఒక్కటే వుంటే దేశ చట్టం ఒప్పుకోదని 1996లో సుప్రీంకోర్టు మోలీ జోసెఫ్ కేసులో చెప్పింది. రెండు కోర్టుల చుట్టూ తిరగాలి. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఆ పద్ధతిని కొంత సులువు చేశారు. క్రైస్తవ స్త్రీకి విడాకుల్లో మగవాడితో సమాన కారణాలు దొరికిందే 2001లో కదా, 1869 చట్టం సవరించాక.

మఠంలో చేరకుండా వుండే దారి ఇంకొకటి వుంది. బిషపు చేతుల మీదుగా కన్యగా అంకితమై, తన ఇంట్లోనే వుంటూ, తన ఉద్యోగం చేసుకోవచ్చు. 604వ నిబంధన. పురాతన పద్ధతి, 1970లో తిరిగి తెచ్చారు. జీతం, పి.ఎఫ్., ఫ్లాటు అన్నీ ఆమెవే. నాకు ఇది చాలా మెరుగనిపించి ఉత్సాహంగా చెప్పాను. ఇందులో కన్యత్వం ఒక అర్హత కావడం నాకు మింగుడు పడలేదు. మామూలు సభలు వితంతువుని చేర్చుకోవచ్చు, ఇక్కడ పెళ్ళయినవాళ్ళకి చోటు లేదు. అక్క అభ్యంతరం అది కాదు. "మళ్ళీ ఒక్కదాన్నే వండుకుని ఒక్కదాన్నే తినాలి. నలుగురు ఆడవాళ్ళతో కలిసి లేచి, కలిసి పనిచేసి, కలిసి ప్రార్థన చేసుకుని పడుకోవాలని నాకు. హాస్టల్లో వున్నప్పుడు అట్లా వుండేది" అంది.

అప్పుడు నాకు సిగ్గేసింది. ఒంటరి స్త్రీల గురించి మనం ఎన్నో సమావేశాలు పెట్టాం. ఇల్లు అద్దెకివ్వరనీ, హింస అనీ, పెన్షన్ అనీ మాట్లాడాం. యాభై ఏళ్ళ దగ్గర స్త్రీలు కలిసి బతికే చోటు ఒక్కటి, నాకు తెలిసి, మా ప్రాంతంలో మనం కట్టలేదు. దిల్‌సుఖ్‌నగర్ నిండా హాస్టళ్ళే, అన్నీ కోచింగు పిల్లలవీ, చిన్న ఉద్యోగుల పిల్లలవీ. అక్కకి ఆ చోటు వున్నది కాన్వెంటులోనే కనిపిస్తే తప్పు ఆమెది ఎలా అవుతుంది? ఆమెకి ఇది కేవలం చోటు కోసం కాదు, దేవుడి కోసం అని నాకు తెలుసు. దేవుడి సంగతి నాకు అర్థం కాదు. అందుకని ఆమెకి అర్థం కానట్టు మాట్లాడే హక్కు నాకు లేదు.

నాలుగో ఉత్తరానికి మొన్న జవాబు వచ్చింది. ఒక చిన్న సభ, ఉద్యోగం మానకుండా సెలవు పెట్టి మూడు నెలలు వచ్చి వుండమన్నారు, తర్వాత ఇద్దరం ఆలోచిద్దాం అన్నారు. ఆస్పత్రి సెలవు ఇంకా మంజూరు కాలేదు. చేరే ముందు సభని అడగాల్సిన ప్రశ్నల జాబితా ఒకటి అక్కా నేనూ కూర్చుని తెలుగులో రాశాం. ఆస్తి, పి.ఎఫ్., వైద్యం, ఫిర్యాదు ఎవరికి చేయాలి, వదిలి వచ్చేస్తే ఏమిస్తారు, ఇలాంటివి. చిన్నపిల్లల్ని పంపే తల్లిదండ్రులకి కూడా అది పనికొస్తుంది. విచారణల్లో పనిచేసే మన కార్యకర్తలెవరైనా అడిగితే పంపిస్తాను. ఇందులో ఏం తప్పులున్నాయో కన్యాస్త్రీలు ఎవరైనా రాస్తే ఇంకా మంచిది.