ఆ ‘సామాన్యుడు’ మా దుకాణానికి రోజూ వస్తాడు

భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) డైరెక్టర్ జనరల్ గారికి,
మానక్ భవన్, న్యూఢిల్లీ.

ఆర్యా,

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో సెల్‌ఫోన్లు, ఛార్జర్లు రిపేరు చేసుకుని బతుకుతున్నాను. మొన్న ఒకామె ఛార్జర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. ‘‘అన్నా, ఛార్జింగ్ పెట్టి ఫోన్ ముట్టుకుంటే షాక్ కొడుతుంది, జర చూడు’’ అంది. విప్పి చూశాను. ఫ్యూజు లేదు. 230 వోల్టుల కరెంటు వచ్చే వైపుకీ, ఫోన్‌కు పోయే 5 వోల్టుల వైపుకీ నడుమ బోర్డు మీద దాదాపు 5 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. అక్కడ బియ్యపు గింజ మందం కూడా లేదు. తడి చేత్తో ఆ ఫోన్ పట్టుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె ఝల్లుమంది. పైన వెతికితే ‘ఆర్’తో మొదలయ్యే మీ ఎనిమిదంకెల రిజిస్ట్రేషన్ నంబరూ కనబడలేదు.

ఎలక్ట్రానిక్ వస్తువులకు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 2012లో ఉత్తర్వు వచ్చింది. 15 రకాల వస్తువులతో మొదలై తర్వాత సెల్‌ఫోన్లు, పవర్ బ్యాంకులు కూడా చేరాయి. కంప్యూటర్లు, ఛార్జర్ల భద్రతకు ఐఎస్ 13252, టీవీలు, ఆడియో పరికరాలకు ఐఎస్ 616 ప్రమాణాలుగా ఉండేవి. టీవీయే కంప్యూటర్ అయింది, ఫోనే టీవీ అయింది. అందుకే ప్రపంచం ఆ రెండు రకాల వస్తువులకూ కలిపి 2010లో ఐఈసీ 62368-1 అనే ఒకే ప్రమాణం తెచ్చుకుంది. ఐరోపా 2020 డిసెంబరు 20తో తన పాత ప్రమాణాలకు సెలవు చెప్పింది. మీరూ ఐఎస్/ఐఈసీ 62368-1: 2023 తెచ్చి, పాతదీ కొత్తదీ కొంతకాలం పక్కపక్కన నడిచేలా వెసులుబాటు ఇచ్చారు. మంచి పని చేశారు.

ఈ కొత్త ప్రమాణంలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. అది వస్తువుతో పాటు మనిషినీ లెక్కలోకి తీసుకుంటుంది. పరికరంలోని శక్తి నొప్పి కూడా పుట్టించనిదా, నొప్పి పెట్టేదా, గాయం చేసేదా అని మూడు తరగతులు చేస్తుంది. దాన్ని వాడేది సామాన్యుడా, జాగ్రత్తలు నేర్పిన మనిషా, పని తెలిసిన నిపుణుడా అని చూసి, ఆ శక్తికీ ఆ మనిషికీ మధ్య ఎంత రక్షణ ఉండాలో చెబుతుంది.

ఆ సామాన్యుడు మా దుకాణానికి రోజూ వస్తాడు. మంగళ్‌పల్లి, శేరిగూడ ఇంజినీరింగ్ కాలేజీల హాస్టల్ పిల్లలు ఫోన్ దిండు కింద పెట్టి, ఛార్జింగ్ తియ్యకుండానే నిద్రపోతారు. మా మండలంలోని కొంగరకలాన్‌లోనే 2023లో ఫాక్స్‌కాన్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ప్రపంచానికి వస్తువులు చేసిపెట్టే నేల ఇది. ఈ నేల మీది మనుషులకు నంబరులేని ఛార్జరే దిక్కు కావడం న్యాయమా?

మీకు నా విన్నపాలు మూడు. మా ఊరి వంటి చిన్న ఊళ్ల బజార్లలో మామూలు కొనుగోలుదారుల్లా ఛార్జర్లు కొని పరీక్షించండి, ఫలితాలు తెలుగులో ప్రకటించండి. ఆర్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవడం ఎలాగో, ఇప్పుడు రెండు ప్రమాణాల నంబర్లు ఎందుకు కనిపిస్తాయో చెప్పే తెలుగు బోర్డు ప్రతి దుకాణంలో పెట్టించండి. మూడోది మా కోసం. రిపేరు చేసేవాళ్లలో ఫ్యూజు పోతే తీగముక్క అతికించి ఇచ్చేవాళ్లున్నారు. అది ప్రాణాల మీదికి తెస్తుందని వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మీ హైదరాబాద్ శాఖ వాళ్లు ఒక్కరోజు వచ్చి నేర్పితే, మేమే పది మందికి చెబుతాం.

ఆమెకు ఆ ఛార్జర్ తిరిగి ఇవ్వలేదు. వైరు కత్తిరించి నా దగ్గరే ఉంచుకున్నాను. మీవాళ్లు వచ్చిన రోజు, పాఠం దానితోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఇబ్రహీంపట్నం నుంచి
ఒక సెల్‌ఫోన్ మెకానిక్