డ్రైవర్ లేని స్వావలంబన

ప్రభుత్వ కంప్యూటర్లలో విదేశీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తొలగించి స్వదేశీ లినక్స్‌ను నెలకొల్పుతామన్న ప్రకటన దేశానికి కొత్త కాదు. సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ తొలి విడుదల 2007 నాటిది. ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని కేంద్రం 2015లో ప్రకటించింది. 2023లో రక్షణ శాఖ ‘మాయా’ను ముందుకు తెచ్చింది. ఇన్ని ప్రకటనల నడుమ ఒక చిన్న ప్రశ్నను మాత్రం ఏలినవారు పట్టించుకోలేదు: నెట్‌వర్క్ కార్డు పని చేయకపోతే గుమాస్తా ఎవరిని అడగాలి?

ప్రశ్న చిన్నదే, పర్యవసానం చిన్నది కాదు. కొత్త సిస్టమ్ ఎక్కించిన కంప్యూటర్‌లో తెర వెలుగుతుంది, కీబోర్డు పలుకుతుంది, వైఫై గుర్తు మాత్రం కనిపించదు. సాయంత్రానికి ‘లినక్స్ పనికిరాదు’ అన్న తీర్పు వెలువడుతుంది. మర్నాటికి పాత సిస్టమ్ తిరిగి గద్దెనెక్కుతుంది.

నిజానికి దోషం లినక్స్‌ది కావడం అరుదు. కార్డును నడిపే డ్రైవర్ సాధారణంగా కెర్నెల్‌లోనే ఉంటుంది. కానీ అనేక కార్డులకు దానితోపాటు ఫర్మ్‌వేర్ అనే మరో చిన్న ప్రోగ్రామ్ కావాలి. దాని మూలాన్ని తయారీదారు బయటపెట్టడు; మూసిన పెట్టెలాగే ఇస్తాడు. ఈ కారణంగానే డెబియన్ దానిని తన అధికారిక ఇన్‌స్టాలర్‌కు చాలాకాలం దూరంగా ఉంచింది. 2022లో సభ్యుల ఓటింగ్ జరిగాక, 2023 జూన్‌లో విడుదలైన 12వ వెర్షన్‌లో చోటిచ్చింది.

రోగ నిర్ధారణ కష్టం కాదు. ‘ఎల్ఎస్‌పీసీఐ -కె’ ఆదేశం కార్డు పేరునూ, దానికి డ్రైవర్ అతుక్కున్నదో లేదో కూడా చెబుతుంది. డ్రైవర్ లేకపోతే కార్డు కొత్తది, కెర్నెల్ పాతది అయివుండవచ్చు. డ్రైవర్ ఉండీ కార్డు కదలకపోతే, ఫర్మ్‌వేర్ దొరకలేదన్న ఫిర్యాదు ‘డీమెసేజ్’ నివేదికలో కనిపించవచ్చు. ఆ ప్యాకేజీని ఎక్కించుకుంటే చాలు. అయితే అది ఇంటర్నెట్‌లో ఉంటుంది! పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. మొబైల్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి నెట్ అరువు తెచ్చుకోవడం తెలిసినవారికి పది నిమిషాల పని. తెలియనివారికి అది లినక్స్‌కు చివరి రోజు.

తయారీదారు విడిగా ఇచ్చే డ్రైవర్‌తో మరో చిక్కు ఉంది. కెర్నెల్ నవీకరణ జరిగినప్పుడల్లా దానిని మళ్లీ కంపైల్ చేయాలి. సంతకం లేని మాడ్యూల్‌ను సెక్యూర్ బూట్ గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. నిన్న పనిచేసిన నెట్ నేడు మాయం కావడానికి తరచూ ఇదే మూలం.

స్వావలంబన వట్టి నినాదమని దీని అర్థం కాదు. 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షల దరిమిలా మైక్రోసాఫ్ట్ నయారా ఎనర్జీకి సేవలు నిలిపివేసింది. సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించాక అవి తిరిగి అందాయి. భారత గడ్డపై రిఫైనరీ నడుపుతున్న సంస్థ ఈమెయిల్ తాళంచెవి మరెక్కడో ఉన్నదని తేలడానికి అంతకన్నా దృష్టాంతం అక్కరలేదు. అవసరం వాస్తవమే. సన్నద్ధతే లోపించింది.

కేరళ పాఠశాలలు దాదాపు రెండు దశాబ్దాలుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్నాయి. అక్కడ ఉత్తర్వుతోపాటు ఉపాధ్యాయులకు శిక్షణ వెళ్లింది, పాఠశాలల కోసమే తీర్చిదిద్దిన సిస్టమ్ వెళ్లింది. మిగతా దేశానికి వెళ్లింది ప్రధానంగా ఉత్తర్వే.

చేయవలసింది రెండు పనులు. ప్రభుత్వం కొనే ప్రతి కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డుకు డ్రైవర్ ప్రధాన కెర్నెల్‌లో ఉండాలనీ, ఫర్మ్‌వేర్‌ను పంచుకునే అనుమతి ఉండాలనీ టెండర్‌లోనే షరతు పెట్టాలి. లక్షల్లో కొనే ఖాతాదారు మాటను తయారీదారు కాదనలేడు. రెండోది, జిల్లాకొక సుశిక్షిత బృందం, దాని చేతిలో నెట్ లేకున్నా పనికొచ్చే ప్యాకేజీల పెన్‌డ్రైవ్. సార్వభౌమత్వాన్ని ఎర్రకోట మీద ప్రకటించవచ్చు. దానిని నిలబెట్టవలసింది మాత్రం మండల కార్యాలయంలోని ఆ మూల బల్ల దగ్గరే.