అరికాలు చూసేదెవరు?

పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో కాలికి ముల్లు గుచ్చుకోవడం రోజూ ఉండేదే. పీకి పారేసి, ఇంత పసుపు అద్ది మళ్లీ పనిలోకి దిగుతారు. చాలాసార్లు అంతటితోనే మానిపోతుంది. నెలలు గడిచినా మానని పుండు గురించే ఈ వారం రాస్తున్నాను. అలాంటిది ఒక్కోసారి క్యాన్సర్ కావచ్చు.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ల జబ్బని మనలో చాలామంది అనుకుంటారు. మనకది అరుదే. కానీ వస్తే అరికాల్లోనో, అరచేతిలోనో, గోరు కిందనో వచ్చేది ఎక్కువ. అక్కడ ఎండ ప్రభావం తక్కువ. బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కింద పుట్టింది ఇదే. మొదట ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981లో, 36 ఏళ్లకే పోయాడు.

మన ఊళ్లలోనూ దీన్ని ముల్లు దెబ్బనో, ఆనెకాయనో, గోరుచుట్టనో అనుకునే ప్రమాదముంది. నల్ల చర్మం వాళ్లకు గోళ్లలో సన్నటి గోధుమరంగు గీతలు మామూలే, వాటికి బెదరక్కర్లేదు. ఒక్క గోటిలోనే గీత వెడల్పవుతూ, గోరు మొదట్లోని చర్మానికి నలుపు పాకితే మాత్రం వెంటనే చూపించాలి. కొన్నిసార్లు నలుపే ఉండదు. ఎర్రటి పచ్చిపుండులా కనిపించి డాక్టర్లనే మోసం చేస్తుంది.

2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లక్షకు పైగా ఫొటోలతో కంప్యూటర్‌కు శిక్షణనిచ్చి, చర్మ క్యాన్సర్‌ను నిపుణులకు దీటుగా గుర్తించేలా చేశారు. గొప్ప పనే. అయితే ఇలాంటి పరిశోధనలకు వాడే ఫొటోల్లో నల్ల చర్మానివి చాలా తక్కువ. మన అరికాళ్ల ఫొటోలు మనమే తీసి భద్రపరచకపోతే ఆ యంత్రాలు మనకు అక్కరకు రావు.

గాయం మానడం గురించీ మన నమ్మకాలు పాతవే. పుండుకు గాలి తగలాలి, ఎండిపోవాలి అంటాం. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగంలో, పలుచటి పొరతో కప్పి తడి ఆరకుండా ఉంచిన గాయాలపై కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పెరిగింది. గాయాలకు పసుపు వాడకంపై అమెరికా ఇచ్చిన పేటెంటును మన దేశపు శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ 1997లో రద్దు చేయించినప్పుడు అందరం సంతోషించాం. అది మన పూర్వుల తెలివికి దక్కిన గౌరవం. అలాగని షుగరుతోనో కుష్ఠుతోనో తిమ్మిరెక్కిన కాలికి పసుపు చాలదు. నొప్పి తెలియదు కాబట్టి ఆ మనిషి పుండు మీదే నడుస్తుంటాడు. పుండు మీద బరువు పడకుండా చూడటమే అక్కడ అసలు వైద్యం. డాక్టర్ పాల్ బ్రాండ్ వెల్లూరులో కుష్ఠు రోగుల పాదాలకు ప్లాస్టర్ కట్టు వేసి మాన్పించింది ఆ సూత్రంతోనే.

సరైన వైద్యం జరుగుతున్నా నెల రోజుల్లో మానే దారి పట్టని పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఏళ్ల తరబడి మానని మామూలు పుండు, కాలిన మచ్చ కూడా క్యాన్సర్‌గా మారవచ్చు. మెలనోమా అయితే అది చర్మంలోకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్న దాని మీదే ప్రాణం ఆధారపడుతుందని 1970లోనే అలెగ్జాండర్ బ్రెస్లో చూపించాడు. ఒక మిల్లీమీటరు లోపు దొరికినవాళ్లలో ఎక్కువమంది బతుకుతారు. ఆయింట్‌మెంట్లు మారుస్తూ గడిపే నెలల్లో పోయేది ఆ అవకాశమే.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ముక్క పరీక్షకు హైదరాబాద్ దాకా పోవాల్సిన పని ఉండకూడదు. షుగరు మాత్రలకు వచ్చిన ప్రతి మనిషినీ పల్లె దవాఖానలో చెప్పులు విడిపించి అరికాలు చూడాలి. మానని పుండుంటే ఫొటో తీసి, చీటీ రాసి, ఆశా కార్యకర్తను తోడిచ్చి జిల్లా దవాఖానకు పంపాలి. కూలి పోతుందని వెనుకాడేవాళ్లకు బస్సు ఖర్చు, ఆ రోజు కూలి ప్రభుత్వమే ఇవ్వాలి.